ఏ మిషన్ అయ్యగారూ?



మొన్నీమధ్య ఒక ఆదివారం ఆరాధన చివర ప్రకటనలు చెబుతూ, "వచ్చే వారం మన సంఘంలో మిషన్ ఆదివారం. అందరూ ప్రార్థనతో సిద్ధపడి రండి. కానుకలు కవర్లలో పెట్టి తీసుకురండి" అన్నాను. ఆశీర్వాదం అయిపోయాక గుమ్మం దగ్గర నిలబడి వెళ్లేవారికి వందనాలు చెబుతుంటే, ఎప్పుడూ వెనక వరుసలో కూర్చునే ఒక పెద్దావిడ దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది.

"అయ్యగారూ, మిషన్లు ఎంతమందికి ఇస్తారండీ? పేరు ఎవరి దగ్గర రాయించుకోవాలి?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి పక్కనున్న యౌవనస్థులు పక్కున నవ్వారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, నేనూ నవ్వాను. "ఆ మిషన్ కాదమ్మా, ఇది వేరే మిషన్" అన్నాను. ఆమె తల దించుకుని, "నాకేం తెలుసయ్యా, చదువులేనిదాన్ని" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మిషన్ ఆదివారం నాడు ఆమె రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "వేరే మిషన్" అని తేలిగ్గా అనేశాను. ఆ వేరే మిషన్ ఏమిటో ఆమెకు అర్థమయ్యేలా ఎప్పుడైనా చెప్పానా? అసలు నాకైనా సరిగ్గా తెలుసా? ఆ ఒక్క మాట వెంట పడి పాత పుస్తకాలు తిరగేశాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

రెండు మాటలు ఒకటైన చోటు

ముందుగా ఆ పెద్దావిడ పక్షాన ఒక మాట. ఆమె తప్పు వినలేదు. మన తెలుగులో నిజంగానే రెండు ఇంగ్లీషు మాటలు కలిసి ఒకే మాట అయ్యాయి. ఒకటి యంత్రమనే అర్థం ఉన్న మెషీన్. రెండోది పంపబడిన పని అనే అర్థం ఉన్న మిషన్. మన నోట రెండూ మిషనే. కుట్టు మిషను, పిండి మిషను, వరికోత మిషను ఒక వైపు. మిషను బడి, మిషను ఆసుపత్రి, మిషను కాంపౌండు మరో వైపు. పలకడంలో తేడా లేదు, రాయడంలోనూ చాలాసార్లు తేడా ఉండదు. సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. నాయకులు, సంస్థలు సభ పెట్టి ఆడవాళ్లకు కుట్టు మిషన్లు పంచడం మనం చూస్తూనే ఉన్నాం. గుడిలో కూడా మిషన్ల రోజు వచ్చిందని ఆమె అనుకుంటే అందులో వింత ఏముంది?

పుట్టుకలో మాత్రం ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు. మెషీన్ గ్రీకులో పుట్టింది. ఉపాయం, సాధనం అని దాని అర్థం. అక్కడినుంచి లాటినుకు, ఫ్రెంచికి, ఇంగ్లీషుకు వచ్చింది. మిషన్ లాటిను మాట. పంపడం, వదలడం అనే క్రియ నుండి పుట్టింది.

ఒకే తల్లి బిడ్డలు

ఆ లాటిను క్రియకు ఎంత సంతానమో చూస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. పిల్లవాడికి కాలేజీలో అడ్మిషన్ అంటాం. ఆఫీసులో పర్మిషన్ అడుగుతాం. భూమి అమ్మిపెట్టినవాడికి కమిషన్ ఇస్తాం. తప్పు చేసిన ఉద్యోగిని డిస్మిస్ చేస్తారు. ఒకరికొకరు ప్రామిస్ చేసుకుంటారు. సైన్యం మిస్సైల్ పంపుతుంది. మనం ఫోనులో మెసేజ్ పంపుతాం. ఇవన్నీ ఆ ఒక్క ఇంట్లో పుట్టిన మాటలే. ఆదివారం గుడి బయట మీరు "ఈ రోజు మెసేజ్ బాగుందండీ" అంటారే, ఆ మెసేజ్ కూడా పంపబడినదే. నేను తయారు చేసినది కాదు, నా చేతికిచ్చి పంపినది. చివరికి మన సంఘ కమిటీ కూడా ఆ ఇంటిదే. ఒక పనిని నమ్మి అప్పగించబడినవారు అని దాని మూలార్థం.

కమిషన్ అనే మాట దగ్గర కొంచెం ఆగుదాం. మత్తయి సువార్త చివరలో ప్రభువు శిష్యులకు ఇచ్చిన ఆజ్ఞను ఇంగ్లీషువారు గ్రేట్ కమిషన్ అంటారు. అప్పగించిన గొప్ప పని అని అర్థం. బందరు రోడ్డు పొడవునా స్థలాల బేరాలు జరిగే మన ప్రాంతంలో కమిషన్ అంటే మధ్యవర్తి జేబులో పడే డబ్బు. సువార్త పరిచర్యలో కూడా మొదటి అర్థం పోయి రెండో అర్థం వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. నాతో సహా సేవకులందరం ఈ విషయంలో భయం కలిగి ఉండాలి.

రోమీయుల కాలంలో ఈ మాటకు మరో అర్థం ఉండేది. రోమా సైన్యంలో సహాయక దళాల సైనికుడు ఇరవై ఐదేళ్లు పనిచేశాక అతన్ని గౌరవంగా విడుదల చేసేవారు. ఆ విడుదల పేరు మిస్సియో. దానికి సాక్ష్యంగా అతని హక్కులు చెక్కిన కంచు పలక ఇచ్చేవారు. అఖాడాలో ఓడిపోయిన మల్లుడు ప్రాణాలతో వదిలిపెట్టమని వేడుకున్నప్పుడు దొరికే క్షమకు కూడా ఇదే పేరు. అంటే పంపడం అనే మాటలోనే వదిలిపెట్టడం ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివరలో దీనికి మళ్లీ వస్తాను.

సంఘంలో ఈ మాట మొదట తండ్రి కుమారుని పంపాడు, పరిశుద్ధాత్మను పంపాడు అని చెప్పడానికే వాడేవారు. మనుషులను దూరదేశాలకు సువార్త కోసం పంపడమనే అర్థం పదహారో శతాబ్దంలో జెసూట్ సన్యాసుల వాడకంతో స్థిరపడింది. అంటే ఆ అర్థం వయస్సు ఐదు వందల ఏళ్లలోపే. మన తెలుగు బైబిలులో మిషన్ అనే మాట లేదు. ఇంగ్లీషువారి పాత కింగ్ జేమ్స్ బైబిలులోనూ లేదు. ఉన్నదల్లా పంపుట అనే మన సొంత మాట. అపొస్తలుడు అంటేనే పంపబడినవాడు.

బందరు రోడ్డు మీద వచ్చిన మాట

ఇప్పుడు మన నేలకు వద్దాం. తెలుగు దేశానికి ప్రొటెస్టెంట్ మిషనరీలు 1805లో విశాఖపట్నంలో అడుగుపెట్టారు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన క్రాన్, డెగ్రాంజస్ అనే ఇద్దరు. అయిదేళ్లకే ఇద్దరూ మరణించారు. అయినా సువార్తలను తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టి వెళ్లారు. వారికి సహాయపడినవాడు ఆనందరాయర్ అనే మన దేశస్థుడు. తెలుగు కొత్త నిబంధన 1818లో, బైబిలు మొత్తం 1854లో అచ్చయ్యాయి.

మన కృష్ణా తీరానికి మిషన్ వచ్చింది బందరు రేవు నుండి. 1841లో చర్చి మిషనరీ సొసైటీ పంపగా రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు. నోబుల్ గారు 1843లో బడి పెట్టారు. అదే తరువాత నోబుల్ కాలేజీ అయింది. ఫాక్స్ గారు ఊళ్లు తిరిగి బోధించేవారు. ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లి 1848లో కన్నుమూశారు. నోబుల్ గారు ఇక్కడే ఉండిపోయారు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది చనిపోయారు. మరుసటి సంవత్సరమే ఆయన కూడా ఆ ఊళ్లోనే మరణించారు.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. పై కులాలవారిని చదివించి క్రీస్తు దగ్గరకు తెస్తే, వారిద్వారా మిగతావారు వస్తారని నోబుల్ గారి ఆలోచన. అందుకని ఊరు వెలిగా ఉంచిన కులాల పిల్లలను ఆయన తన బడిలో చేర్చుకోలేదు. ఆయన భక్తిని నేను శంకించడం లేదు. ఇరవై నాలుగేళ్లు ఈ నేల కోసం తన్ను తాను అరగదీసుకున్నవాడు. కాని ఆ తలుపు మూసింది ఆయనే. 1852లో ఐనాల భూషణం, మంచాల రత్నం అనే ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నప్పుడు, అంత జాగ్రత్తగా కాపాడుకున్న ఆ బడి దాదాపు ఖాళీ అయిపోయింది.

దేవుడు ఇంకో తలుపు తెరిచాడు. రాఘవాపురానికి చెందిన పాగోలు వెంకయ్య మాలవారు. చదువుకున్నవాడు కాదు. సత్యదేవుడెవరని వెదుకుతూ బెజవాడలో ఉన్న డార్లింగ్ అనే మిషనరీ దగ్గరకు తానే వచ్చాడు. 1859లో బాప్తిస్మం పొందాడు. వెళ్లి తన వారికి చెప్పాడు, వారు తమ వారికి చెప్పారు. కృష్ణా జిల్లాలో పల్లె పల్లెకూ సువార్త పాకింది అక్కడినుంచే. ఏ సొసైటీ ఆయన్ను పంపలేదు. ఏ పుస్తకంలోనూ ఆయన పేరు మిషనరీ అని రాయలేదు. మన తాత ముత్తాతలకు సువార్త చేరింది మాత్రం అలాంటివారి కాళ్ల మీదనే.

ఒంగోలులోనూ ఇలాగే జరిగింది. అమెరికన్ బాప్టిస్టువారి తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే గారితో మొదలై, నెల్లూరులో ఏళ్ల తరబడి ఫలితం లేక మూసేద్దామా అనే స్థితికి వచ్చింది. 1853లో అమెరికాలో జరిగిన సభలో దాని గురించి వాదోపవాదాలు జరిగాయి. పటం మీద ఒంటరిగా కనిపించే ఆ స్టేషనుకు ఒంటరి నక్షత్రం అనే పేరు పడింది. మూసేయలేదు. 1866లో తోళ్ల వ్యాపారం చేసే మాదిగవాడు ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. ఆయనా తన వారి దగ్గరకు వెళ్లాడు. మాదిగలు వస్తే మేము రామని పై కులాలవారు అన్నప్పుడు, ఒంగోలు మిషనరీ జాన్ క్లో, ఆయన భార్య ఏం చేయాలో తోచక వేరువేరుగా బైబిలు తెరిచారట. ఇద్దరికీ ఎదురైనది 1 కొరింథీ 1:26-29. లోకం తక్కువగా చూసేవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం. వచ్చినవారిని చేర్చుకున్నారు.

కరువులో ఒక తీర్మానం

1876-78 నాటి మహా కరువు గురించి మన పెద్దల నోట కథలుగా విన్నాం. ఆ కరువులో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం పని పెట్టింది. క్లో గారు కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, పని కోసం వచ్చిన వేలమందికి కూలి ఇచ్చి బ్రతికించారు. ఆ కాలువ గట్టు మీద తెలుగు బోధకులు సాయంత్రాలు వాక్యం చెప్పేవారు. ఎంతోమంది మాకు బాప్తిస్మం ఇవ్వండని అడిగారు.

క్లో గారు ఇవ్వలేదు. కరువు తీరేవరకు, సహాయం ఆగిపోయేవరకు బాప్తిస్మాలు లేవన్నారు. ఆకలికి వచ్చినవారెవరో, క్రీస్తు కొరకు వచ్చినవారెవరో తేలాలి కదా. పని ముగిసింది, కూలి ఆగింది. అప్పుడు వచ్చారు జనం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు తెలుగు బోధకులు. ఆ సంవత్సరం చివరికి ఆ లెక్క దాదాపు 10,000కు చేరింది.

ప్రియులారా, ఈ సంగతిని ఎందుకు ఇంత వివరంగా చెబుతున్నానంటే, నేటికీ మనల్ని "బియ్యం కోసం మారినవాళ్లు" అనే నోళ్లు ఉన్నాయి. మన పిల్లలు బడిలో, ఆఫీసులో ఆ మాట విని తల దించుకుంటున్నారు. వాళ్లకు ఈ చరిత్ర చెప్పండి. బియ్యం ఇచ్చే రోజున బాప్తిస్మం వద్దన్నారని, బియ్యం ఆగాక బాప్తిస్మం ఇచ్చారని చెప్పండి. అయితే ఆ నియమం మనం కూడా నిలబెట్టుకుంటేనే చెప్పే హక్కు ఉంటుంది.

మాట గోడలు కట్టుకుంది

కాలం గడిచేకొద్దీ మిషన్ అనే మాట పని నుండి స్థలానికి మారింది. బంగళా కట్టారు, దాని చుట్టూ ప్రహరీ కట్టారు. బడి, హాస్టలు, ఆసుపత్రి వచ్చాయి. గుంటూరులో అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో వచ్చి, 1898లో ఆడవారికోసం ఆసుపత్రి తెరిచింది. పురుష వైద్యుని ఎదుటికి రాలేక ప్రసవాల్లో చనిపోయే తల్లులు అక్కడ బ్రతికారు. ఆ మేలును తక్కువ చేసి చెప్పడం కృతఘ్నత అవుతుంది.

కాని భాషను గమనించండి. "మిషన్‌కు వెళ్తున్నాను" అంటే ఆ గోడల లోపలికి వెళ్తున్నానని అర్థం వచ్చింది. "మిషన్ అన్నం తిన్నాడు" అంటే హాస్టలులో పెరిగాడని. "మిషనోళ్లు" అంటే మనం. "మిషన్ భూములు" అంటే కోర్టు కేసులు. బయటికి పంపడమని అర్థం ఉన్న మాట చివరికి లోపలికి చేరడమనే అర్థానికి వచ్చింది. దొరగారు ఉన్నన్నాళ్లు మనం పంపబడినవారం కాదు, దొరగారి దగ్గరకు చేరినవారం. దొరలు వెళ్లిపోయాక మన దగ్గర గోడలు మిగిలాయి. ఆ గోడల కోసం మనలో మనం కొట్లాడుకున్న సంవత్సరాలు లెక్కపెడితే, సువార్త కోసం బయటికి వెళ్లిన రోజులు వాటి ముందు ఎంత తక్కువో కనిపిస్తుంది.

మన చేతికి వచ్చిన మాట

అయినా ఈ మాట ఎప్పుడూ దొరలది మాత్రమే కాదు. మన తెలుగువారు దాన్ని పట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. తంతి శాఖలో ఉద్యోగం చేసిన థామస్ గాబ్రియేలు ఆ పని విడిచి కాకినాడలో సొంతంగా సువార్త పని ప్రారంభించాడు. కెనడా బాప్టిస్టువారిని రమ్మని పిలిచినది ఆయనే. వారు 1874లో కాకినాడ వచ్చారు. అంటే ఆ మిషన్‌ను పిలిపించినవాడు ఒక తెలుగువాడు.

తమిళ దేశంలో తిరునల్వేలి క్రైస్తవులు 1903లో సొంత మిషనరీ సొసైటీ పెట్టుకుని, మన తెలుగు నేలలో దోర్నకల్‌కు సువార్తికులను పంపారు. దాన్ని మొదలుపెట్టినవారిలో ఒకరైన అజరయ్య గారు తానే ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకుని 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన దొరలను అడిగినది డబ్బు కాదు, స్నేహం. మీరు మాకు ఎన్నో ఇచ్చారు, మాతో సమానంగా కూర్చోవడం మాత్రం ఇవ్వలేదన్నది ఆయన మాటల సారాంశం. తరువాత మన కృష్ణా ప్రాంత సంఘాలు కూడా ఆయన డయోసిస్ కిందికే వచ్చాయి.

ముంగమూరి దేవదాసు గారి సంగతి మీకు తెలుసు. లూథరన్ సంఘంలో ఏళ్ల తరబడి పనిచేసి, 1938లో ఏ విదేశీ సంస్థ అండా లేకుండా బైబిలు మిషన్ స్థాపించారు. చూడండి, తెలుగు మనిషి, తెలుగు కీర్తనలు, పేరులో మాత్రం మిషన్. దొరల నుండి వచ్చిన మాటను దొరలు లేకుండా నిలబెట్టిన పేరు అది. సిద్ధాంతాల్లో తేడాలు ఎవరికున్నా, దాని ధైర్యాన్ని అందరం గౌరవించాలి.

ఇతరులూ ఈ మాటను తీసుకున్నారు. వివేకానంద స్వామి 1897లో స్థాపించిన సంస్థకు రామకృష్ణ మిషన్ అని పేరు పెట్టారు. చిన్మయ మిషన్ ఉంది. పట్టణ పేదల కోసం పనిచేసే మెప్మా పేరులో మొదటి అక్షరం మిషన్‌దే. తెలంగాణలో చెరువుల పూడిక తీస్తే మిషన్ కాకతీయ, ఇంటింటికీ నీళ్లిస్తే మిషన్ భగీరథ. 2013 నవంబరు 5న మన శ్రీహరికోట నుండి అంగారకుని వైపు వెళ్లింది కూడా మిషనే. వీళ్లందరికీ ఆ మాట ఎందుకు నచ్చింది? వేరే మాటలు దొరకక కాదు. ఒక పని కోసం తన్ను తాను పూర్తిగా పెట్టడమనే బరువు ఆ మాటలో ఉంది. ఆ బరువు మొదట మోసినవారం మనం. ఇప్పుడు మన దగ్గరే అది తేలికైపోయిందేమో.

ఒక అక్షరం తీసేశారు

ప్రపంచ సంఘంలో కూడా ఈ మాట గురించి మథనం జరిగింది. 1952లో జర్మనీలోని విల్లింగెన్‌లో జరిగిన సభ తరువాత, మిషన్ అనేది సంఘం చేసే అనేక పనుల్లో ఒకటి కాదు, అది దేవునిదే, తండ్రి కుమారుని పంపినదే అసలు మిషన్ అనే ఆలోచన బలపడింది. 1969లో ఈ విషయాలు రాసే ఒక ప్రసిద్ధ ఇంగ్లీషు పత్రిక తన పేరులో బహువచనం చూపే అక్షరాన్ని తీసేసింది. అంతవరకు మిషన్లు అని ఉండేది, ఇక మిషన్. మిషన్లు సొసైటీలవి, వాటికి ఆఫీసులు, బడ్జెట్లు ఉంటాయి. మిషన్ ఒక్కటే, అది దేవునిది.

యోహాను 20:21లో పునరుత్థానుడైన ప్రభువు శిష్యులతో చెప్పినది ఇదే. తండ్రి తనను పంపిన విధంగానే వారిని పంపుతున్నానన్నాడు. ఎలా పంపాడు తండ్రి? బంగళాతో పంపలేదు. పశువుల తొట్టెకు పంపాడు.

అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో అంతియొకయ సంఘం పౌలును, బర్నబాను సాగనంపింది. మూడో వచనంలో సంఘం వారిని పంపిందని మనం చదువుతాం. సెమినరీలో నేర్చుకున్న కొద్దిపాటి గ్రీకుతో చూస్తే అక్కడి మాటకు విడిచిపెట్టారు అని అర్థం. బందీని విడుదల చేసేటప్పుడు వాడే మాటే అది. నాలుగో వచనంలో పంపినది మాత్రం పరిశుద్ధాత్మ. సంఘం చేసినది చెయ్యి వదలడం. తమ దగ్గరున్న మంచి బోధకులిద్దరిని, మాకే కావాలని పట్టుకోకుండా వదిలారు. రోమా సైనికుని కంచు పలక మీద ఉన్న అర్థమే ఇక్కడ మళ్లీ కనిపించింది నాకు. మిషన్ అంటే గట్టిగా పట్టుకున్నదాన్ని వదలడం.

కాలువ గట్టు మీద ఇల్లు

ఈ చదువంతా అయ్యాక ఒక గురువారం సాయంత్రం ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లాను. వాకిట్లో మంచం మీద కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. "అమ్మా, ఆ రోజు నేను నవ్వాను. తప్పు చేశాను, క్షమించు" అన్నాను. "అయ్యో, అంత మాటెందుకయ్యా" అని కుర్చీ వేసింది. కాసేపటికి అసలు సంగతి చెప్పింది.

"మిషన్ నాకు కాదయ్యా. నాకు చూపెక్కడుంది, సూదిలో దారం ఎక్కించడానికే పక్కింటి పిల్లల్ని పిలుస్తాను. మా వెనక వీధిలో ఒక అమ్మాయి ఉంది. పోయిన వేసవిలో భర్త పోయాడు. చంటిపిల్ల ఉంది. కుట్టుపని వచ్చు దానికి, మిషను లేదు. వాళ్లు మన గుడికి రారయ్యా. అయినా అడుగుదామనిపించింది. అడక్కూడదా?"

నేనేమి చెప్పగలను? ఆ ఆదివారం సంఘం మొత్తంలో తనకోసం కాకుండా, సంఘం బయటి మనిషికోసం అడిగినది ఆమె ఒక్కతే. మిషన్ అనే మాటకు అర్థం తెలియదని నేను నవ్వినది ఆమెనే.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పేలో తబిత అనే శిష్యురాలు ఉంది. శిష్యురాలు అనే స్త్రీలింగ పదం గ్రీకు కొత్త నిబంధనలో ఆమె ఒక్కదానికే వాడారు. ఆమె ప్రసంగించినట్టు రాయలేదు. ఆమె చనిపోతే విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆమె కుట్టిన బట్టలు. పౌలు కూడా గుడారాలు కుట్టి బ్రతికినవాడే. సూది, సువార్త కలిసే నడిచాయి. వాటిని విడదీసినది మన నిఘంటువే.

విషయం కమిటీలో పెట్టాను. దూర గ్రామాల్లో పనిచేసే సువార్తికునికి ప్రతి ఏటా పంపే మిషన్ కానుక ఎప్పటిలాగే వెళ్లాలి, అందులో తగ్గించకూడదని అందరం అనుకున్నాం. మిషను కోసం విడిగా వేసుకుందామన్నాను. ఒక పెద్దాయన, "ఆమె మన సభ్యురాలు కాదు కదండీ" అన్నారు. ఇంకొకాయన, "ఇస్తే ఆదివారాలు వస్తుందేమో, అడిగి చూద్దాం" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. అప్పుడు క్లో గారి కాలువ సంగతి చెప్పాను. మిషను ఇచ్చి మనిషిని కొనకూడదు. వస్తే ప్రభువు పిలిచినందుకు రావాలి, మనకు బాకీ పడినందుకు కాదు. ఇస్తే ఏ షరతూ లేకుండా ఇద్దాం, లేకపోతే ఇవ్వొద్దు అన్నాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి ఒప్పుకున్నారు.

పాతదే అయినా బాగా నడిచే కాలు మిషను ఒకటి దొరికింది. దాన్ని ఆటోలో తీసుకెళ్లినది ఆ పెద్దావిడే. నేను వెళ్లలేదు, ఫోటో తీయలేదు. పద్దుల పుస్తకంలో దీన్ని ధర్మకార్యాల కింద రాయాలా, మిషన్ కింద రాయాలా అని కార్యదర్శి అడిగితే, మీ ఇష్టం అన్నాను. తరువాత చూస్తే "మిషన్ - 1" అని రాసి ఉంది. ఏ మిషనో రాయలేదు. నేనూ దిద్దలేదు.

ఆ అమ్మాయి ఇంతవరకు గుడికి రాలేదు. వస్తుందో రాదో నాకు తెలియదు. పెద్దావిడ మాత్రం మళ్లీ వస్తోంది. వెనక వరుసలోనే కూర్చుంటోంది.

ప్రియులారా, ఈ వారం మీ ఇంటి చుట్టూ చూడండి. మీ వెనక వీధిలో ఎవరున్నారు? మీరు గట్టిగా పట్టుకున్నది, వదిలితే వేరొకరికి బ్రతుకయ్యేది ఏముంది? దాని గురించి ప్రార్థించండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీ కుమారుని మా కొరకు పంపినందుకు వందనములు. మా నేలకు సువార్త తెచ్చి ఇక్కడే మట్టిలో కలిసిన వారి కొరకు, పేర్లు రాయబడని మా తెలుగు పెద్దల కొరకు నిన్ను స్తుతిస్తున్నాము. మా గోడలనుండి మమ్మును బయటికి నడిపించుము. సహాయమును ఎరగా వాడే శోధననుండి మమ్మును తప్పించుము. చిన్నవారని మేము నవ్విన వారి నోట నీ మాట వినే చెవులు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.